హైదరాబాద్ – ఢిల్లీ: విమాన దూరం, ప్రయాణ కాలం

(పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం ప్రత్యేక వ్యాసం)

సుల్తాన్ బజార్, హైదరాబాద్: హైదరాబాద్ నుండి దేశ రాజధాని ఢిల్లీకి విమానంలో రెండుంబావు గంటల ప్రయాణమని సాధారణంగా చెప్పుకుంటూ ఉంటాము. వార్తలలోను, పర్యటన కార్యక్రమాలలోను ఇదే అంకె కనిపిస్తుంది. ఈ అంకె సరైనదే. అయితే ఇది విమానం కదలిన క్షణం నుండి ఆగిన క్షణం వరకు లెక్కించిన కాలం మాత్రమే. సుల్తాన్ బజార్‌లోని ఇంటి గడప దాటిన వ్యక్తి ఢిల్లీలోని కార్యాలయం గడప తొక్కడానికి ఆరు నుండి ఏడు గంటలకు పైగా పడుతుంది. ఈ రెండు అంకెలలో ఏది దేనికి వాడాలో తెలియకపోవడం వలన సమావేశాలు తప్పుతున్నాయి, ఇంటర్వ్యూలకు ఆలస్యమవుతున్నది, వార్తలలో తప్పులు దొర్లుతున్నాయి. ఈ నేపథ్యంలో రెండు నగరాల నడుమ దూరం, ప్రయాణ కాలం, వాటిని లెక్కించే పద్ధతి, వాటిని మార్చే కారణాలను ఈ వ్యాసంలో వివరించడమైనది.

దూరం ఎంత?

శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుండి ఢిల్లీలోని ఇందిరా గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి గగనతల దూరం సుమారు 1,260 కిలోమీటర్లు. ఇది భూగోళం ఉపరితలంపై రెండు బిందువుల మధ్య గీయగల అతి పొట్టి రేఖ. దీనిని మహావృత్త మార్గం అంటారు. ఢిల్లీ మనకు దాదాపు నేరుగా ఉత్తరాన, ఒకింత పడమరగా ఉన్నది. రెండు విమానాశ్రయాల రేఖాంశాల మధ్య వ్యత్యాసం డిగ్రీన్నర కంటే తక్కువే. ఈ రేఖను పటంపై గీస్తే నిజామాబాద్, మహారాష్ట్రలోని అమరావతి, మధ్యప్రదేశ్‌లోని భోపాల్ నగరాలకు సమీపంగా సాగుతుంది.

విమానయాన రంగంలో దూరాన్ని నాటికల్ మైళ్లలో కొలుస్తారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లకు సమానం. సాధారణ మైలు 1.609 కిలోమీటర్లు. ఈ లెక్కన హైదరాబాద్ – ఢిల్లీ దూరం సుమారు 680 నాటికల్ మైళ్లు, లేదా 780 సాధారణ మైళ్లు. విమాన సంస్థల ప్రకటనలలో కేవలం 'మైళ్లు' అని ఉన్నప్పుడు అది ఏ మైలో నిర్ధారించుకున్న తరువాతనే కిలోమీటర్లలోకి మార్చవలసి ఉంటుంది. లేనిపక్షంలో ఈ ఒక్క మార్గంలోనే 165 కిలోమీటర్ల మేరకు తేడా వచ్చే అవకాశమున్నది.

భూమార్గంలో దూరాలు వేరు. నాగపూర్ మీదుగా 44వ నెంబరు జాతీయ రహదారిలో ఢిల్లీకి 1,550 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. రైలు మార్గం సుమారు 1,670 కిలోమీటర్లు. నాంపల్లి నుండి బయలుదేరే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఈ దూరాన్ని సుమారు 26 గంటలలో చేరుకుంటుంది. 1976లో ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్‌గా ప్రారంభమైన ఈ రైలుకు, రాష్ట్ర విభజన అనంతరం 2014లో ఇప్పటి పేరు వచ్చింది. కాబట్టి 'హైదరాబాద్‌కు ఢిల్లీ ఇన్ని కిలోమీటర్లు' అని వ్రాసేటప్పుడు అది గగనతల దూరమా, రహదారి దూరమా, రైలు దూరమా అన్నది పేర్కొనడం అవసరం.

గంటన్నర రెండుంబావు ఎందుకవుతుంది?

ప్రయాణికుల జెట్ విమానం పూర్తి ఎత్తుకు చేరిన తరువాత గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. 1,260 కిలోమీటర్లను ఈ వేగంతో భాగిస్తే గంటన్నర వస్తుంది. కాని టికెట్టుపై రెండుంబావు గంటలని ముద్రిస్తారు. మిగిలిన 45 నిమిషాలు ఎక్కడికి పోయినవన్న ప్రశ్న సహజం.

విమాన సంస్థలు ప్రకటించేది 'బ్లాక్ టైమ్'. విమానం నిలిచిన చోటు నుండి కదలినది మొదలు, గమ్యస్థానంలో నిలిచేంత వరకు గల కాలమిది. ఇందులో ఈ క్రింది భాగాలుంటాయి.

1. నిలిచిన చోటు నుండి రన్‌వే వరకు నేలపై నడక, అక్కడ తన వంతు కోసం నిరీక్షణ. రద్దీని బట్టి 10 నుండి 20 నిమిషాలు.

2. పైకి ఎగబ్రాకడం. ఈ దశలో విమానం పూర్తి వేగంతో ఉండదు. సుమారు 20 నిమిషాలు పైన.

3. సమతల ప్రయాణం. పూర్తి వేగం లభించేది ఈ దశలో మాత్రమే.

4. దిగడం. ఢిల్లీకి చాలా ముందుగానే విమానం ఎత్తును, వేగాన్ని తగ్గించుకుంటూ వస్తుంది.

5. దిగిన తరువాత రన్‌వే నుండి టెర్మినల్ వరకు మరల నేలపై నడక. ఢిల్లీ వంటి విశాలమైన విమానాశ్రయంలో ఇదే పావుగంట పట్టవచ్చును.

దీనికి తోడు, విమానం మహావృత్త రేఖపై యథాతథంగా ఎగరదు. నిర్ణీత గగనతల మార్గాలను, నియంత్రణాధికారుల ఆదేశాలను అనుసరించి సాగుతుంది. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నవి. ఢిల్లీలోని నాలుగు రన్‌వేలు కూడా ఇంచుమించు అదే దిశలో ఉన్నవి. ప్రయాణమేమో దక్షిణం నుండి ఉత్తరానికి. అందుచేత బయలుదేరిన తరువాత ఒక మలుపు, దిగడానికి ముందు మరొక మలుపు తప్పవు. రద్దీ వేళలలో ఢిల్లీకి చేరువలో విమానాలు చక్కర్లు కొట్టవలసి రావడం కూడా కద్దు. ఇవన్నీ కలిసి గంటన్నరను రెండుంబావు గంటలు చేస్తున్నాయి. ఇందులో కొన్ని నిమిషాలు విమాన సంస్థలు ముందుజాగ్రత్తగా కలుపుకున్నవి కూడా ఉంటాయి. విమానం 'పదిహేను నిమిషాలు ముందుగా చేరింది' అన్న ప్రకటన తరచు వినిపించడానికి కారణమిదే.

బేగంపేట నుండి శంషాబాద్‌కు

హైదరాబాద్ నగరానికి విమానయోగం నిజాం పాలనాకాలంలోనే కలిగినది. బేగంపేట విమానాశ్రయం 1930వ దశకంలో రూపుదిద్దుకున్నది. నిజాం ప్రభుత్వము, టాటా సంస్థ భాగస్వాములుగా 1945లో ఏర్పడిన డెక్కన్ ఎయిర్‌వేస్ మరుసటి సంవత్సరం నుండి సర్వీసులు నడిపినది. 1953లో విమానయానాన్ని జాతీయం చేసినప్పుడు ఈ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైనది. ఆనాడు నడిచిన డకోటా విమానాల వేగం గంటకు 270 కిలోమీటర్ల ప్రాంతంలో ఉండేది. మధ్యలో ఎక్కడా ఆగకపోయినా ఢిల్లీ దూరానికి నాలుగున్నర గంటలు అవసరమయ్యేవి. జెట్ విమానాల రాకతో ఆకాశంలో గడిపే కాలం సగమైనది.

తరువాతి పెద్ద మార్పు నేలపై జరిగినది. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమై, బేగంపేట నుండి ప్రయాణికుల షెడ్యూల్డ్ సర్వీసులు నిలిచిపోయాయి. శంషాబాద్, బేగంపేటకు సుమారు 24 కిలోమీటర్లు దక్షిణాన ఉన్నది. అందువలన ఢిల్లీకి గగనతల దూరం సుమారు 23 కిలోమీటర్లు పెరిగినది. జెట్ విమానానికి ఇది రెండు నిమిషాల పని. సుల్తాన్ బజార్ వాసికి మాత్రం విమానాశ్రయానికి దూరం 8, 9 కిలోమీటర్ల నుండి సుమారు 28 కిలోమీటర్లకు, అంటే మూడింతలకు పెరిగినది. ఆకాశంలో రెండు నిమిషాలు పెరిగితే నేలపై అరగంటకు పైగా పెరిగినదన్నమాట. కాని విమాన సంస్థల సమయ పట్టికలో కనిపించేది ఆ రెండు నిమిషాలే.

ఈ భారాన్ని తగ్గించేందుకు పలు నిర్మాణాలు జరిగాయి. మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో ప్రారంభమైనది. సుల్తాన్ బజార్, అఫ్జల్‌గంజ్ పరిసరాల వారికి దగ్గరి దారి పురానాపూల్, బహదూర్‌పురా, జూపార్కు మీదుగా ఆరాంఘర్ చేరేది. ఈ దారిలో జూపార్కు – ఆరాంఘర్ మధ్య సుమారు 4 కిలోమీటర్ల ఫ్లైఓవర్ 2025 జనవరి 6న ప్రారంభమైనది.

2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్ – మహాత్మా గాంధీ బస్ స్టేషన్ మెట్రో మార్గం ప్రారంభమైనది. ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్ స్టేషన్లు ఈ మార్గంలోనివే. నగరంలో రాకపోకలకు ఇది ఎంతో వెసులుబాటు కలిగించినప్పటికీ విమానాశ్రయం వరకు వెళ్లదు. విమానాశ్రయానికి మెట్రో అన్నది రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఆమోదించి కేంద్రానికి పంపిన రెండవ దశ ప్రతిపాదనలలోని అంశం. ఢిల్లీలో న్యూఢిల్లీ స్టేషన్‌ను విమానాశ్రయంతో కలిపే ప్రత్యేక మెట్రో మార్గం 2011 ఫిబ్రవరిలోనే ప్రారంభమైనది. అక్కడ టెర్మినల్ 3 నుండి నగరం నడిబొడ్డుకు 20 నిమిషాలకు అటూఇటుగా చేరవచ్చును.

గడప నుండి గడపకు

అశోక్ నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతాలు పోటీ పరీక్షల అభ్యర్థులకు నెలవు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం ఉదయం నుండి రాత్రి వరకు వీరితో నిండి ఉంటుంది. సివిల్ సర్వీసుల ప్రధాన పరీక్షలో ఉత్తీర్ణులైన వారు ఢిల్లీలో షాజహాన్ రోడ్డునందలి ధోల్‌పూర్ హౌస్‌లో ఇంటర్వ్యూకు హాజరు కావలసి ఉంటుంది. ఏళ్ల తరబడి చేసిన కృషి ఆ అరగంటపై ఆధారపడి ఉన్నందున వీరి ప్రయాణాన్నే ఉదాహరణగా తీసుకొని కాలాన్ని లెక్కించుదాము.

- ఇంటి నుండి శంషాబాద్: 60 నుండి 75 నిమిషాలు
- విమానాశ్రయంలో సామాను అప్పగింత, భద్రతా తనిఖీ, నిరీక్షణ: 90 నుండి 120 నిమిషాలు
- విమాన ప్రయాణం (బ్లాక్ టైమ్): 135 నుండి 145 నిమిషాలు
- ఢిల్లీలో దిగి, సామాను తీసుకొని వెలుపలికి రావడం: 30 నుండి 40 నిమిషాలు
- అక్కడి నుండి షాజహాన్ రోడ్డు: 40 నుండి 60 నిమిషాలు

మొత్తము: దాదాపు 6 గంటల నుండి 7 గంటల 20 నిమిషాల వరకు.

ఇందులో విమానం లోపల గడిపే కాలం మూడింట ఒక వంతు, లేదా అంతకు కాస్త ఎక్కువ. మిగిలినదంతా నేలపైనే. ఇవి సాధారణ దినాలలోని అంచనాలు. పండుగ రోజులలో, వర్షాకాలపు సాయంత్రాలలో వీటికి మరికొంత కలుపుకోవాలి. చాలా విమాన సంస్థలు దేశీయ సర్వీసులకు 60 నిమిషాల ముందే చెక్-ఇన్ కౌంటర్లను మూసివేస్తున్నాయి. విమానం బయలుదేరే వేళను కాక, కౌంటర్ మూసివేసే వేళను గడువుగా తీసుకొని ఇంటి నుండి బయలుదేరడం శ్రేయస్కరం.

ఉదయపు విడతలో ఇంటర్వ్యూ ఉన్నవారు అదే రోజు తొలి విమానంలో వెళ్లవచ్చునని భావించడం ప్రమాదకరం. ఉదయం ఆరు గంటల విమానం రెండుంబావు గంటలలో, అంటే ఎనిమిదింబావుకు ఢిల్లీ చేరినా, వెలుపలికి వచ్చి షాజహాన్ రోడ్డు చేరేసరికి తొమ్మిదిన్నర దాటగలదు. విమానం అరగంట ఆలస్యమైతే దిద్దుకునే వ్యవధి ఉండదు. ముందు రోజే ఢిల్లీ చేరుకోవడం తప్ప దీనికి మరో మార్గం లేదు.

పొగమంచు, గాలులు

డిసెంబరు మధ్య నుండి జనవరి చివరి వరకు ఢిల్లీని దట్టమైన పొగమంచు కమ్ముకుంటుంది. తెల్లవారుజాము నుండి ఉదయం పది గంటల వరకు దీని ప్రభావం అధికం. ఢిల్లీలో 'క్యాట్-3 బి' అనే అధునాతన దింపుడు వ్యవస్థ ఉన్నది. దీని సహాయంతో రన్‌వేపై 50 మీటర్ల దూరం మాత్రమే కనిపిస్తున్నా విమానం దిగగలదు. అయితే విమానంలో తగిన పరికరాలు, పైలట్‌కు తగిన శిక్షణ ఉన్నప్పుడే ఇది సాధ్యం. నేల నుండి పైకి లేవడానికి ఇంతకంటే స్పష్టమైన దృశ్యత అవసరం. కాబట్టి పొగమంచు వేళ దిగిన విమానాలు మరల లేవలేక నిలిచిపోవడం జరుగుతుంది.

హైదరాబాద్‌లో ఎండ కాస్తున్నా ఢిల్లీ విమానం ఎందుకు ఆలస్యమైనదని ప్రయాణికులు తరచుగా ప్రశ్నిస్తారు. ఒకే విమానం రోజుకు అనేక నగరాల మధ్య తిరుగుతుంది. ఉదయం ఢిల్లీలో మూడు గంటలు నిలిచిపోయిన విమానమే మధ్యాహ్నం హైదరాబాద్ రావలసినది కావచ్చును. ఉదయపు ఆలస్యం ఆ విధంగా సాయంత్రపు సర్వీసుల వరకు ప్రాకుతుంది.

శీతాకాలంలో ఉత్తర భారతదేశంపై ఎత్తున పడమటి నుండి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. హైదరాబాద్ – ఢిల్లీ ప్రయాణం దక్షిణోత్తరంగా సాగుతుంది కనుక ఈ గాలులు ప్రక్క నుండి తగులుతాయే గాని ఎదురుగా నిలువవు. అందుచేత పోను, రాను కాలాలలో పెద్ద తేడా ఉండదు. తూర్పు పడమరల దూర ప్రయాణాలలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఆలస్యమైన పక్షంలో హక్కులు

బ్లాక్ టైమ్ అన్నది సమయ పట్టిక కోసం మాత్రమే కాదు. ప్రయాణికుల హక్కులు కూడా దానిపైనే ఆధారపడి ఉన్నాయి. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2010లో జారీ చేసి, 2016లో సవరించిన నిబంధనల ప్రకారం, ముందుగా తెలుపకుండా విమానాన్ని రద్దు చేసినప్పుడు చెల్లించవలసిన పరిహారానికి బ్లాక్ టైమ్ ప్రాతిపదిక. గంట లోపు ప్రయాణానికి రూ. 5,000, గంట నుండి రెండు గంటల వరకు రూ. 7,500, రెండు గంటలు దాటితే రూ. 10,000 పరిమితి. మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి ఇంతకంటే తక్కువైతే ఆ తక్కువ మొత్తమే వర్తిస్తుంది. ఈ లెక్కన ఢిల్లీ ప్రయాణం మూడవ తరగతిలోకి, విశాఖపట్నం ప్రయాణం రెండవ తరగతిలోకి వస్తాయి.

రెండున్నర గంటల లోపు బ్లాక్ టైమ్ గల విమానం రెండు గంటలకు మించి ఆలస్యమైతే నిరీక్షించే ప్రయాణికులకు భోజనం, ఫలహారం సమకూర్చాలి. ఢిల్లీ సర్వీసులు సాధారణంగా ఈ కోవలోనివే. పొగమంచు, తుఫాను వంటి సంస్థ అదుపులో లేని కారణాలకు నగదు పరిహారం వర్తించదని గమనించవలసి ఉన్నది.

ఇతర నగరాలతో పోలిక

శంషాబాద్ నుండి కొన్ని ముఖ్య నగరాలకు గగనతల దూరాలు ఇంచుమించుగా ఈ విధంగా ఉన్నవి: విజయవాడ 265, తిరుపతి 420, బెంగళూరు 455, చెన్నై 510, విశాఖపట్నం 510, ముంబయి 620 కిలోమీటర్లు.

దూరం తగ్గే కొలది విమానం వలన కలిగే లాభం తగ్గుతుంది. విజయవాడకు విమానం గంటలో చేరుతుంది. కాని సుల్తాన్ బజార్ నుండి శంషాబాద్‌కు, గన్నవరం నుండి విజయవాడకు పట్టే కాలాన్ని, నిరీక్షణను కలిపితే నాలుగున్నర, అయిదు గంటలవుతుంది. 65వ నెంబరు జాతీయ రహదారిపై సుమారు 275 కిలోమీటర్ల ప్రయాణానికీ ఇంచుమించు అంతే కాలం పడుతుంది. విశాఖపట్నం విషయం భిన్నం. సికింద్రాబాద్ నుండి 2023 జనవరి 15న ప్రారంభమైన వందే భారత్ రైలు 699 కిలోమీటర్లను సుమారు ఎనిమిదిన్నర గంటలలో చేరుకోగా, గడప నుండి గడపకు లెక్కించినా విమానంలో ఐదారు గంటలు సరిపోతాయి.

విశాఖపట్నంలోని ప్రస్తుత లెక్కలకు ఆధారమైన విమానాశ్రయం నగరాన్ని ఆనుకొనే ఉన్నది. 2023 మే నెలలో శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయం నగరానికి సుమారు 45 కిలోమీటర్ల దూరాన ఉన్నది. బేగంపేట – శంషాబాద్ అనుభవం అక్కడి రహదారి ఏర్పాట్లకు మార్గదర్శకం కాగలదు.

నిమిషాల విలువ

అవయవదానంలో లభించిన గుండెను నాలుగు గంటల వ్యవధిలో అమర్చవలసి ఉంటుందని వైద్యులు చెబుతారు. అటువంటి సందర్భాలలో విమానం ఎంత వేగంగా వచ్చినదన్న దానితో పాటు, ఆసుపత్రికి చేర్చడానికి నేలపై ఎంత కాలం పట్టినదన్నది ప్రాణాలను నిర్ణయిస్తుంది. 2025 జనవరి 17న ఎల్.బి. నగర్ నుండి లక్డీకాపూల్‌కు హైదరాబాద్ మెట్రో రైలులో దాత గుండెను 13 కిలోమీటర్ల దూరం 13 నిమిషాలలో చేర్చడం జరిగినది. రద్దీ వేళ రహదారిపై ఇది సాధ్యమయ్యే వేగం కాదు.

పాత్రికేయులకు, అధికారులకు గమనికలు

- గగనతల దూరమా, రహదారి దూరమా అన్నది ప్రతిసారీ పేర్కొనవలెను. దూరాన్ని 'సుమారు' అని వ్రాయడం ఉచితం.

- 'రెండుంబావు గంటల ప్రయాణం' అనడం కంటే 'రెండుంబావు గంటల విమాన ప్రయాణం' అనడం సరైనది.

- ప్రముఖుల ప్రత్యేక విమానాలు బేగంపేటలో దిగుతూ ఉంటాయి. ఏ విమానాశ్రయమో ముందుగా నిర్ధారించుకొని వాహనాలను పంపవలెను.

- దేశమంతటా ఒకే కాలమానం ఉన్నది కనుక దేశీయ ప్రయాణాలలో బయలుదేరే వేళను చేరే వేళ నుండి తీసివేస్తే సరిపోతుంది. విదేశీ ప్రయాణాలలో చేరే వేళను అక్కడి కాలమానంలో ఇస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనుక ఉన్నది. ఇక్కడ ఉదయం 10 గంటలకు బయలుదేరిన విమానం అక్కడి మధ్యాహ్నం 12.30కు చేరినచో పట్టిన కాలం రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు.

- ఢిల్లీ పర్యటన కార్యక్రమాలను రూపొందించేటప్పుడు, విమానం దిగే వేళకు, తొలి సమావేశానికి మధ్య కనీసం రెండు గంటలు, డిసెంబరు, జనవరి మాసాలలో నాలుగు గంటల వ్యవధి ఉంచవలెను. తప్పనిసరి అయిన ఉదయపు సమావేశాలకు ముందు రోజు సాయంత్రమే బయలుదేరే విధంగా ఏర్పాట్లు చేసుకోవలెను.